కంబదూరు రామాంజులు, ధర్మవరం జరీ

కంబదూరు పక్క కప్పలకు ఈత రాదు. నమ్మకపోతే పొయ్యి మీరే చూసుకోండి. వాన పడితే కదా గుంతలో నీళ్లు నిలిచేది, నీళ్లు నిలిస్తే కదా కప్ప దిగేది. ఒక ఏడు మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలితే మా మేనమామ కొడుకు, ఇంకా లాగు కూడా వేసుకోనోడు, "నాయనా, పైనుంచి ఎవరో మన మీద ఉమ్ముతాండారు" అని ఏడ్చుకుంటా ఇంట్లోకి ఉరికినాడు. నేను చెప్పేవాటిలో అబద్ధం ఉండదు. కొంచెం సాగదీస్తానంతే. అయితే ఇప్పుడు చెప్పబోయే రామాంజులన్న సంగతి మాత్రం సాగదీయను. అవసరం లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ.

ముందు నా సంగతి ఒక్క మాట. ధర్మవరంలో నాకొక ఎస్టీడీ బూతు, పక్కనే ఒక జిరాక్సు మిషను ఉండేవి. ఇంటర్ సగంలో కాలేజీని వదిలేసినా. పాపం, ఆ కాలేజీ ఇప్పటికీ కోలుకోలేదు. నా బూతు గోడకు ఆనుకొని ఉన్న చిన్న అంగడే రామాంజులన్నది. బయట బోర్డు మీద 'మోటారు వైండింగు' అని పాత అక్షరాలు, వాటి కింద 'కంప్యూటర్ రిపేరు' అని కొత్త అక్షరాలు. వేరేవాళ్లకైతే రెండు జన్మలెత్తాల్సిన పనిని ఆయప్ప ఒకే బోర్డు మీద సర్దేసినాడు.

మనిషి పొడుగు, సన్నం. దూరం నుంచి చూస్తే ఎవరో కరెంటు స్తంభానికి చొక్కా తొడిగినారేమో అనిపిస్తాది. చొక్కా జేబులో టెస్టరు, ప్యాంటు జేబులో వేయించిన శెనక్కాయలు. కంప్యూటరు విప్పే ముందర ఎవరింటికి పోయినా ముందు చెప్పులు వదిలి, కిటికీ దగ్గరికి పొయ్యి, దాని ఇనుప చువ్వను చేత్తో ముట్టుకొని ఒక క్షణం నిలబడతాడు. చూసినోళ్లంతా ఈయనకు కిటికీ దేవుడేమో అనుకునేవాళ్లు. ఒంట్లో ఉండే సన్న కరెంటు కంప్యూటరులోకి పోకుండా ఇనుముకు దించేసేదానికంట. నాకు చెప్పినాడు. నేను ఎవరికీ చెప్పలేదు. కిటికీకి మొక్కే మెకానిక్కు అంటేనే జనం ఎక్కువ వస్తారు.

కంబదూరు దగ్గర ఒక పల్లె ఆయప్పది. చిన్నప్పుడే కళ్యాణదుర్గంలో బోరు మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకున్నాడు. తీగ చుట్టేవాళ్లు ఆ పక్క వీధికొకరు ఉండారు. అయితే మోటారు కాలిపోయిందని రైతు వస్తే మిగతావాళ్లు మోటారును చూస్తే, రామాంజులన్న రైతును చూసేవాడు. కూర్చోబెట్టి, శెనక్కాయలు చేతిలో పోసి అడిగేవాడు.

"చివరిసారి నిండుగా నీళ్లు పోసింది ఎప్పుడు? ఆ పొద్దు నుంచి ఈ పొద్దుటి దాకా తోటలో ఏమేం జరిగిందో చెప్పు."

"తోటలో జరిగేదేముందప్పా, మోటారు చూడు."

"వస్తువు ఊరికే చెడదన్నా. ఊరికే చెడేది పాలొక్కటే. చెప్పు."

రైతు విసుక్కుంటానే చెప్పేవాడు. బావమరిది వచ్చినాడు, కోళ్లను కోసినాము, ఎనుము ఈనింది. "ఎనుము ఈనిందా? యాడ కట్టేస్తాండారు?" "బోరు పైపుకే." "మోకు రాసుకొని కేబులు తోలు లేచిపోయుంటాది చూడు." పొయ్యి చూస్తే అదే. మోటారు విప్పకుండానే ఇంట్లో కూర్చోని ఎనుమును పట్టుకున్న మనిషి ఆయప్ప. ఇది నేను చూడలేదు, కళ్యాణదుర్గం బస్సులో ఇద్దరు చెప్పుకుంటాంటే విన్నా. ఒకడు ఎనుము అన్నాడు, ఇంకొకడు దున్నపోతు అన్నాడు. అంతకుమించి తేడా లేదు.

తర్వాత వరసగా కరువు పడింది. మొదట్లో మోటార్లు బాగా కాలినాయి, పని చేతి నిండా ఉండేది. ఆ తర్వాత కాలడం కూడా ఆగిపోయింది. కాలాలన్నా అడుగున ఇన్ని నీళ్లుండాల కదా. రైతులు మోటార్లను పైకి లాగి పాత సామాన్లోళ్లకు ఇచ్చేసినారు. బోరు గుంతల మీద బండరాళ్లు పెట్టినారు. రామాంజులన్న తీగ చుట్టే మిషను భుజాన పెట్టుకొని ధర్మవరం బస్సెక్కినాడు.

ఇక్కడ ఏదో ఆఫీసోళ్లు పారేసిన కంప్యూటరొకటి పాత ఇనుము అంగట్లో దొరికింది. దాన్ని తెచ్చుకొని విప్పినాడు, బిగించినాడు, మళ్లీ విప్పినాడు. ఒక దశలో ఆయప్ప దగ్గరికొస్తే చాలు, దాని స్క్రూలు తమంతట తామే తిరుక్కునేవి. సరే, తిరుక్కోలేదు. తిరుక్కునేటట్లు కనపడేవి. కొన్నాళ్లకు అది ఆన్ అయింది. ఆ రోజు నా బూతులో ఫోన్ చేసుకునేదానికి వచ్చినోళ్లందరినీ పిలిచి చూపించినా. తెర మీద నల్లగా ఉంటే, తెల్లటి అంకెలు గబగబా పైకి ఎక్కుతాండాయి. "అవేమన్నా?" అంటే, "తన మెమరీ ఎంతుండాదో తానే లెక్క చూసుకుంటాది. మనిషి నిద్ర లేస్తానే కాళ్లూ చేతులూ ఉండాయో లేదో కదిలించి చూసుకున్నట్లు" అన్నాడు. 

ఇంక అసలు కథ. రెండు వేల ఐదు, దసరా అయిపోయింది. పెద్దన్న కోడలు అరుణజ్యోతి నా బూతుకు వచ్చింది. పెద్దన్న అంటే మా వీధి చివర పట్టు చీరల మగ్గాలు నడిపించే పెద్దమనిషి. మీసం ఒక్కటే చాలు, ఆయన ఎంత పట్టుదల మనిషో చెప్పేదానికి. కొడుకు చంద్రమోహన్ చీరలు తీసుకొని బెంగళూరు తిరుగుతాంటాడు. కోడలిది గుమ్మఘట్ట పక్క. మాటల మధ్యలో కన్నడం దొర్లుతాది. డిజైన్లు కంప్యూటరులో గీయడం నేర్చుకొని వచ్చింది. ఆమె గీసిన గీతలను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైనుండే జకార్డు మీదికి ఎక్కితే, ఏ రంధ్రానికి ఏ పోగు లేవాలో అదే చూసుకుంటాది. చీర మీద పువ్వు పూసేది అట్లా.

అనంతపురం మెకానిక్కుకు ఎంతసేపు ఫోన్ చేసినా ఆమెకు దొరకలేదు. ఫోన్ పెట్టేసి అట్లే నిలబడింది.

"ఏమైంది వదినా?" అన్నా.

"కంప్యూటరులో సగం మెమరీ మాయమైపోయిందన్నా. దసరాకు ముందరే ఐదు వందల పన్నెండు ఎంబీ చేయించినాం. పండగ దాకా బాగుండింది. ఇప్పుడు సగమే చూపిస్తాండాది."

"మా వీధి కుళాయి కూడా సగమే వస్తాది. అలవాటు పడాల."

ఆమె నవ్వలేదు. అప్పుడు తెలిసింది, నవ్వేంత చిన్న సంగతి కాదని. మామూలు డిజైనంటే ఒక చిన్న బుటా గీసి దాన్నే మళ్లీ మళ్లీ పరచడం. కంప్యూటరుకు కష్టముండదు. ఆమె గీసింది అట్లాంటిది కాదు. కొంగు మొత్తం ఒకటే చెట్టు. శెనక్కాయ చెట్టు. ఆకులు, పసుపు పూలు, పూలనుంచి మట్టిలోకి దిగే ఊడలు, కింద గుత్తులు గుత్తులుగా కాయలు. యాడా రెండోసారి రాదు. అంత పెద్ద డిజైను తెరవాలంటే సగం మెమరీకి ఊపిరి ఆడలేదు. తెరిచిన ప్రతిసారీ బిగుసుకుపోతాండాది.

ఆ డిజైను చూసినప్పుడే పెద్దన్న ఎగతాళి చేసినాడంట. "కొంగు మీద శెనక్కాయలేందే? పెండ్లికూతురు పీటల మీద కూర్చోని ఒలుచుకొని తినాల్నా?" అని. అయినా కోడలు పట్టు వదల్లేదు. చివరికి ఒక మగ్గం ఖాళీగా పెట్టి మాటిచ్చినాడు. సోమవారం పొద్దునకు అట్టలు తయారైతే ఆ మగ్గం మీద శెనక్కాయ చెట్టు. కాకపోతే ఎప్పుడూ నేసే మామిడి పిందె. ఆ తర్వాత కోడలు సొంత డిజైను మాట ఎత్తకూడదు. ఇది శనివారం పొద్దున. మగ్గం నేసే ఆంజినప్ప చేతులు ముడుచుకొని కూర్చోనుండాడు.

"అనంతపురం ఎందుకు వదినా, ఈ గోడకవతల ఉండే మనిషి చచ్చిన కంప్యూటరును పేరు పెట్టి పిలిచి లేపుతాడు" అని చెప్పి, రామాంజులన్నను నా బండి వెనక ఎక్కించుకొని పోయినా. ఆయప్పకు బండి తోలడం రాదు. మోటారు గర్భంలో ఏముందో తెలిసిన మనిషికి మోపెడు తోలడం రాదంటే ఎవరు నమ్ముతారు?

ఇంట్లో నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గాల గుంతలు దాటుకొని పోతే లోపల చిన్న గది. కంప్యూటరు మీద పట్టు గుడ్డ కప్పినారు. పెద్దన్న కుర్చీలో కూర్చోనుండాడు. ఆయన భార్య కదిరమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. రామాంజులన్న కిటికీ దగ్గరికి పొయ్యి చువ్వ ముట్టుకొని నిలబడినాడు.

"ఏమప్పా, ముందు కిటికీ రిపేరా?" అన్నాడు పెద్దన్న.

రామాంజులన్న నవ్వి ఆన్ చేసినాడు. అంకెలు ఎక్కి ఎక్కి రెండు వందల నలభై ఎనిమిది దగ్గర నిలబడినాయి.

"అమ్మినోడు ఒక్కో పట్టీ రెండు వందల యాభై ఆరు అని చెప్పినాడు. రెండు పెట్టినాడు. సగం పోతే పోనీ, ఈ సగంలో కూడా ఎనిమిది తక్కువుండాదే! తూకంలో మోసమా?" అన్నాడు పెద్దన్న.

"మోసం కాదు మామా. ఈ పెట్టెలో తెరకు సొంత మెమరీ లేదు. ఇందులోంచే ఎనిమిది తీసుకొని బొమ్మ చూపిస్తాది. చీర కోసినాక కొన్ని పోగులు మగ్గానికే మిగిలిపోవా? అట్లా."

పెద్దన్న మీసం కొంచెం దిగింది. తన భాషలో చెప్తే ఎవరికైనా దిగుతాది.

రామాంజులన్న కంప్యూటరు ఆపి మూత తీసినాడు. లోపల పచ్చటి బోర్డు, దాని మీద పక్కపక్కన రెండు పొడుగాటి గాడులు. ఒక్కో గాడిలో వేలెడు పొడవు పట్టీ నిలబడింది. అవే మెమరీ. పట్టీ జారకుండా గాడికి రెండు కొసల తెల్లటి చెవుల మాదిరి బిగింపులు. మెమరీ పలకకపోతే పట్టీ అంచున మెరిసే కాళ్లను రబ్బరుతో రుద్దాలని నాకు తెలుసు. ఎవరో చెప్తే విన్నది కాదు, నేనే కనిపెట్టినది. నాకు ముందర ఇంకెవరైనా కనిపెట్టుంటే అది వాళ్ల అదృష్టం. పిల్లల రబ్బరు తీసుకొని పట్టీల బంగారు కాళ్లు రుద్ది రుద్ది ఇచ్చినా. పెట్టి చూస్తే మళ్లీ అదే సగం.

"బాగా రుద్దినావు. ఇప్పుడు సగం మెమరీ తళతళ మెరుస్తాండాది" అన్నాడు రామాంజులన్న.

తర్వాత ఒక్కో పట్టీని ఒంటరిగా మొదటి గాడిలో పెట్టినాడు. ఇది పలికింది. అది కూడా పలికింది. రెండో గాడిలో పెట్టినాడు. కంప్యూటరు తెర చూపించకుండా టీ... టీ... అని కూత మొదలుపెట్టింది. ఇంకో పట్టీ పెట్టినా అదే కూత.

"ఏడుస్తాండాది" అని కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పట్టీలు రెండూ మంచివే. రెండో గాడిలో ఏదో ఉండాది" అన్నాడు రామాంజులన్న.

"అంటే బోర్డు పోయింది. కొత్తది బెంగళూరు నుంచి రావాల. వారం పడతాది" అని పెద్దన్న లేచి నిలబడినాడు. "ఆంజినప్పా! మామిడి పిందె అట్టలు దించు రా."

అరుణజ్యోతి తెర వైపు తిరిగి పట్టు గుడ్డను మడత పెడతాంది. ఒకసారి మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెడతాంది.

రామాంజులన్న మాత్రం నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. జేబులోంచి శెనక్కాయలు తీసినాడు. నాకర్థమైపోయింది. ఎనుము కోసం వెతుకుతాండాడు.

"మామా, ఆ అట్టలు ఒక్క గడియ ఆగనీ. అమ్మా అరుణా, చివరిసారి మొత్తం చూపించింది ఎప్పుడు?"

"పండగ ముందర రోజన్నా."

"పండగనాడు?"

"పండగనాడు పనిముట్లు ముట్టుకోం కదా. ఆన్ చేయలేదు."

"మర్నాడు?"

"మర్నాడు ఆన్ చేస్తానే సగం."

"పండగకూ దీనికీ ఏం సంబంధమప్పా?" అని పెద్దన్న కసిరినాడు. "మేమేమైనా దానికి ఓళిగలు తినిపించినామా?"

రామాంజులన్న ఆ మాట పట్టించుకోకుండా కదిరమ్మ వైపు తిరిగినాడు. గొంతు మారిపోయింది. ఏదో తెలియనిది నేర్చుకునేదానికి వచ్చినోని మాదిరి అడిగినాడు.

"అమ్మా, మా కంబదూరు పక్క ఆయుధ పూజంటే నాగలికి పసుపు, స్టార్టరు పెట్టెకు బొట్టు. అంతే, అయిపోయె. మగ్గాలోళ్ల పూజ నేనెప్పుడూ చూడలేదు. మీ ఇంట్లో ఎట్లా చేస్తారు?"

కదిరమ్మకు కళ్లు మెరిసినాయి. ఆమెను ఆ ఇంట్లో ఎవరూ ఏదీ అడిగుండరు. పెద్దన్న చెప్తాంటే ఆమె వింటాంటాది. 

"పైపైన బొట్టు పెట్టి వదిలేస్తే అది పూజ కాదు నాయనా. మగ్గమంతా విప్పుతాం. దుమ్ము తుడుస్తాం. పోగును అటూ ఇటూ మోసే నాడెకు, దాన్ని ఒత్తే అచ్చుకు, పైనుండే జకార్డుకు, దేనికి దానికి పసుపు పెడతాం. దేనికి దానికి ఒక జరీ పోగు కడతాం. బయట కొన్న దారం కాదు, ఆ ఇంటి మగ్గం మీద నేసే జరీనే కట్టాల. మర్నాడు తలకు పోసుకొని వచ్చి, ఆ పోగులు తుంచేసి, అప్పుడు మగ్గం ఎక్కుతాం."

"అన్నిటికీ కడతారా?"

"అన్నిటికీ. నేసేదానికి ఏది సాయం చేస్తే దానికి."

ఆ మాట అని ఆమె ఆగిపోయింది. చేతిలో మజ్జిగ చెంబు అట్లే ఉండాది. బయట గుంతలో పక్క మగ్గం నాడె ఒక్కటే టకటకమంటాండాది. ఆమె నేలను చూసుకుంటా అన్నాది.

"కోడలు నేసేది దీంట్లోనే కదా."

"పెట్టె విప్పినావా?" అని పెద్దన్న అరిచినాడు.

"మగ్గానికి పైపైన చేస్తే నువ్వు ఊరుకుంటావా?" కదిరమ్మ కూడా గొంతు పెంచింది. "దీనికి మాత్రం పైపైన ఎట్లా చేసేది? ఆంజినప్పతో తలుపు తీయించినా. లోపల చూస్తే నాకు నాడె యాడుందో అచ్చు యాడుందో తెలీలేదు. తెల్లగా చెవులు మాదిరి కనపడినాయి. చెవికి కట్టినా. ఈయమ్మ చెట్టు బాగా కాయాలని మొక్కుకొని కట్టినా. తప్పా?"

"తప్పు కాదమ్మా" అన్నాడు రామాంజులన్న. "చెవి లాగినప్పుడు పట్టీ పైకి లేచిందా?"

"లేచింది. భయమేసి మళ్లీ లోపలికి ఒత్తినా. టక్కుమనింది."

"మర్నాడు పోగు తుంచేసినారు."

"తుంచినా."

"కొస లోపలే ఉండిపోయింది."

అప్పుడు చూపించినాడు మాకు. రెండో గాడి కొసన తెల్లటి చెవి మీద ఆవగింజంత పసుపు చుక్క. మూత తీసిన క్షణంలోనే చూసినాడంట. నేను ఆ చెవులను రబ్బరు పట్టుకొని అంతసేపు చూసి కూడా చూడలేదు. చూసినోడు చూసినట్లు చెప్పేయొచ్చు కదా? చెప్పలేదు. ఆయమ్మ మొక్కును ఆయమ్మ నోటితోనే వినాలనుకున్నాడో ఏమో. నేనడగలేదు. ఎనుమును పట్టుకోవడం వేరు, ఇది వేరు.

అరుణజ్యోతి గుడ్డ వదిలేసి అత్త పక్కకు వచ్చి నిలబడింది.

"నాకోసమా అత్తా?"

"లేకపోతే ఈ రేకు డబ్బా కోసమా?" అన్నాది కదిరమ్మ, ముక్కు తుడుచుకుంటా.

కరెంటు తీగ పీకేసి టార్చి వేసినాము. గాడి లోపల అడుగున, కొసకు దగ్గరగా, వెంట్రుక మాదిరి ఒకటి మెరిసింది. రెప్పలోంచి ఊడిన వెంట్రుక ఎంతుంటాదో అంతే. తీయబోయి రామాంజులన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మోటారు తీగ పట్టిన చేతులు నావి, మొరటు. చీరలో ముడులు ఏరే సన్న పట్టుకారు ఉంటాది కదమ్మా మీ దగ్గర? మీరే తీయండి."

"నేనా? మళ్లీ ఏమైనా అయితే?"

"పెట్టిన చేతికి దారి తెలుసు."

ఆమె పట్టుకారు తెచ్చి వంగింది. నేను టార్చి పట్టుకున్నా. ఆ గదిలో అందరం ఊపిరి బిగబట్టినాం. మేమంతా ఒకేసారి ఊపిరి వదిలుంటే మగ్గాల మీద పోగులన్నీ ఎగిరి సోమందేపల్లెలో పడుండేవి. ఆమెది ఎన్నేండ్లు పట్టు పోగులు ఏరిన చెయ్యో. ఒక్కసారే లోపలికి పోయింది, ఒక్కసారే బయటికొచ్చింది. పట్టుకారు కొసన బంగారం రంగు ముక్క.

"ఇంతదా?" అన్నాడు పెద్దన్న.

"ఇంతదే మామా. ఆన్ చేస్తానే బోర్డు ఒక్కో పట్టీని అడుగుతాది, నువ్వెవరు, నీ దగ్గర ఎంతుంది అని. పట్టీకి ఒక కొసన చిన్న చిప్పు ఉంటాది. అది పేరు చెప్తాది, లెక్క చెప్తాది. ఈ పోగు సరిగ్గా ఆ కొస కాళ్లకు అడ్డం పడి ఒకదాన్నొకటి కలిపేసింది. పట్టీ ఉండాది, బాగుండాది, కానీ పేరు చెప్పలేకపోయింది. పేరు చెప్పనోణ్ణి బోర్డు లెక్కలోకి తీసుకోదు."

పెద్దన్న ముఖం ఎర్రబడతాంది. ఆ మీసం కదిలే తీరు చూస్తే కదిరమ్మకు ఆ పూట పండగ రెండోసారి జరిగేటట్లుండాది. "పనికొచ్చే పెట్టెను పండగ పూట..." అని మొదలుపెట్టినాడు.

"ఒక్క నిమిషం మామా. ఈ జరీ మీదేనా?"

"నాదే."

"వెండిదా, ప్లాస్టిక్‌దా?"

పెద్దన్న కోపం దారి మళ్లింది. "ఏమప్పా! పెద్దన్న మగ్గం మీద ప్లాస్టిక్ జరీ ఎక్కిందని చెప్పినోడెవడు? వాణ్ణి పిలుచు ఈడికి!"

"అదే మరి. ప్లాస్టిక్ జరీ అయ్యుంటే అందులో కరెంటు పారేది కాదు. ఆడే పడుండినా పెట్టెకు ఏమీ అయ్యేది కాదు. మంచి జరీ కాబట్టే సగం మెమరీ పోయింది. తప్పు అమ్మది కాదు, నీ జరీది."

పెద్దన్న పట్టుకారులోని ముక్కను అరచేతిలోకి తీసుకొని కిటికీ వెలుతురుకు పట్టి చూసినాడు. గోటితో గీరి చూసినాడు. మీసం రెండు కొసలూ మెల్లగా పైకి లేచినాయి. నేను తిరుపతి కొండకు బస్సు ఎక్కడం చూసినా, అంత నిదానంగా, అంత గొప్పగా ఎక్కడం మళ్లీ ఆ మీసాన్నే చూసినా.

"అంటే కంప్యూటరే చెప్పిందంటావు, నాది అసలు జరీ అని."

"నోరు తెరిచి చెప్పలేదు. నోరు మూసుకొని చెప్పింది."

రామాంజులన్న పట్టీలు రెండూ పెట్టి, తీగ తగిలించి, ఆన్ చేసినాడు. అంకెలు ఎక్కుతాండాయి. రెండు వందల నలభై ఎనిమిది దాటినప్పుడు అరుణజ్యోతి అత్త చెయ్యి పట్టుకుంది. ఐదు వందల నాలుగు దగ్గర ఆగింది.

"ఎనిమిది తెర కూలి" అన్నాడు పెద్దన్న, అందరికంటే ముందర.

అరుణజ్యోతి డిజైను తెరిచింది. కొంచెంసేపు తెర మీద ఇసుక గడియారం తిరిగింది. తర్వాత ఆ చెట్టు పైనుంచి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. మొదట ఆకులు. తర్వాత పూలు. తర్వాత పూల నుంచి సన్నగా దిగే ఊడలు. చివరన, మట్టి కింద, కాయలు. ఒక్కో కాయ మీద గీతలు కూడా ఉండాయి. నేను చాలా సంగతులు చూసినోణ్ణి, చూడనివి ఇంకా ఎక్కువ చెప్పినోణ్ణి. ఒక మొక్కను ఇంటి కంటే పెద్దగా చూసింది మాత్రం ఆ పొద్దే.

రామాంజులన్న శెనక్కాయ ఒలుస్తా ఒలుస్తా ఆగిపోయినాడు. చేతిలోని కాయను చూసినాడు, తెర మీది కాయను చూసినాడు. కాయను మళ్లీ జేబులో వేసుకొని అన్నాడు.

"ఈ ఏడు కంబదూరు పక్క మొత్తం ఏరినా ఇంత కాపు లేదమ్మా."

అరుణజ్యోతి ఆ మాటకు తల తిప్పి గోడ వైపు చూసింది. ఆమె పుట్టింటి చేలో కూడా అంతే కదా.

ఆదివారం అత్తాకోడళ్లు అట్టలు కొట్టే మిషను దగ్గరే ఉండినారు. సోమవారం పొద్దున అట్టలు జకార్డు ఎక్కినాయి. ఆంజినప్ప మొదట్లో శాపనార్థాలు పెట్టినాడు. "ఒక్క ఆకు ఇంకో ఆకు మాదిరి లేదు, కళ్లు పోతాండాయి" అని. కొంగు సగం అయ్యేసరికి మధ్యాహ్నం అన్నానికి కూడా గుంతలోంచి లేవడం మానేసినాడు. అడిగితే, "కాయలు ఎట్లా దిగుతాయో చూసి పోతా" అన్నాడంట. చీర కోసిన రోజు పెద్దన్న దాన్ని చేతుల మీద పరచుకొని కిటికీ దగ్గర నిలబడినాడు. మెచ్చుకుంటాడేమో అని అందరూ చూస్తాండారు. "ఆ పక్క కాయలు ఇంకొంచెం బలంగా ఉండాల్సింది" అన్నాడు. అని, ఆ మగ్గం మీద ఇంకో వార్పు, అంటే ఇంకొన్ని చీరల పడుగు, అదే డిజైనుకు ఎక్కించమన్నాడు. పెద్దన్న నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ధర్మవరం చరిత్రలో లేదు.

ఇంక ఆ జరీ ముక్క. దాన్ని ఆయన చిన్న గాజు సీసాలో వేసి పెట్టుకున్నాడు. చీరలు కొనేదానికి ఎవరొచ్చినా ముందు సీసా బయటికి తీస్తాడు. "కంప్యూటరును నోరు మూయించిన జరీ ఇది. మీ ఊర్లో ఉండాదా ఇట్లాంటిది?" అంటాడు. కథ చెప్పినప్పుడల్లా కొంచెం పెరుగుతాంది. మొన్న విన్నప్పుడు వీధిలో కరెంటంతా పోయిందన్నాడు. నేను పక్కనే ఉండి కూడా కాదనలేదు. ఒక మనిషి సాగదీయడం నేర్చుకుంటాండాడు, మనమే చెడగొట్టకూడదు.

మరుసటి దసరాకు కదిరమ్మ పూజకు రామాంజులన్నను పిలిపించింది. నేను కూడా పోయినా. మగ్గాలన్నిటికీ కట్టినాక, కంప్యూటరుకు ఈసారి బయట, వెనక వైపున, స్క్రూకు దూరంగా పోగు కట్టింది. సరిగ్గా యాడ కట్టాల్నో రామాంజులన్న వేలితో చూపించినాడు. తర్వాత ఆమె ఇంకో పోగు తీసుకొని ఆయప్ప చొక్కా జేబులో టెస్టరు వైపు చెయ్యి చాచింది.

"దానికొద్దమ్మా" అని ఆయప్ప రెండడుగులు వెనక్కి వేసినాడు. "మీ జరీ సంగతి నాకు తెలుసు. షాకు కొడతాది."

"అట్లయితే దేనికి కట్టాల? నేసేదానికి సాయం చేసినావు. కట్టకుండా వదిలిపెట్టను."

చివరికి సామాన్ల సంచి చెవికి కట్టించుకున్నాడు. మర్నాడు పొద్దున మా అంగళ్లు తెరిచినప్పుడు చూస్తే ఆ పోగు అట్లే ఉండాది.

"తుంచాల కదన్నా, మగ్గాలోళ్ల ఆచారం ప్రకారం" అని గిల్లినా.

"నేను మగ్గాలోణ్ణి కాదు కదా" అన్నాడు, సంచి భుజాన వేసుకుంటా.

ఆ సంచి ఇప్పుడు మూడు చోట్ల చినిగింది. కుట్టించుకున్నాడు. కొత్తది కొనుక్కోమంటే కొనడు. ఎవరింటికి పోయినా ముందు చెప్పులు వదులుతాడు, కిటికీని ముట్టుకుంటాడు, ఆ సంచిని కంప్యూటరుకు దూరంగా, ఆ చివర గోడకు తగిలిస్తాడు. జరీ కదా, దాని సంగతి ఆయప్పకు తెలుసు. తర్వాత నేల మీద కూర్చోని, శెనక్కాయలు తీసి అడుగుతాడు.

"చివరిసారి బాగుండింది ఎప్పుడు? ఆ పొద్దు నుంచి ఇంట్లో ఏమేం జరిగిందో చెప్పండి."